నా రెండు వేళ్ల మధ్య వైరు

గొప్పలు చెప్పుకోవడం నాకు చేతకాదు. కావాలంటే మా ఆవిణ్ణి అడగండి. వద్దులెండి, ఆవిణ్ణి మాత్రం అడక్కండి. ఇంటి ఎదురుగానే టీకొట్టు ఉందాయె, ఓ గ్లాసు టీ తాగిపోదామని వచ్చాను. బల్ల మీద టైలరు బావ కూర్చుని ఉన్నాడు, నేనూ కూర్చున్నాను. ఎప్పట్లాగే మా ఇంటికి వీపు పెట్టి కూర్చున్నాను. అటు తిరిగి కూర్చుంటే మా ఆవిడ కిటికీలోంచి చేసే సైగలు కనిపిస్తాయి, కనిపించాక లేవకపోతే బాగుండదు. కూర్చుని, వేళ్లకు వెచ్చగా గ్లాసు చుట్టూ చేతులు వేసుకుని మొదలుపెట్టాను. మీరు అడిగారు గనక చెబుతున్నాను.

"మేమేం అడగలేదు బావా," అన్నాడు టైలరు.

అడగబోతున్నావు కదా! మేనకోడలి ఉద్యోగం సంగతి ఏమైందని నువ్వు అడగవూ? టీకొట్టు చెల్లెమ్మ అడగదూ? అదిగో, గోడకి నిచ్చెన ఆనించి నిలబడ్డ నెట్టాయన, వీధి మొత్తానికీ నెట్టు కనెక్షన్లు ఇచ్చే మనిషి, అతను అడగడూ?

"నేనసలు అడగను బాబాయ్," అన్నాడు నెట్టాయన, టీ ఊదుకుంటూ.

అడక్కపోతే మానె, విను. నీ పనికి పనికొచ్చే సంగతి.

మా చెల్లెలి కూతురు మా ఇంట్లో ఉంటున్న సంగతి మీకు తెలుసు. చంటిదాన్ని చంకనేసుకుని వచ్చింది. అల్లుడు ఓడ మీద ఇంజన్లు చూసుకునే మనిషి, నేల మీద కంటే నీళ్ల మీదే ఎక్కువ ఉంటాడు. అమ్మాయిదేమో బట్టలుతికే మిషన్ల కంపెనీలో ఉద్యోగం. ఎవరింట్లో మిషన్ మొరాయించినా ఈ పిల్లకి ఫోన్ వస్తుంది. "ముందు నీళ్ల గొట్టం మెలిపడిందేమో చూడండమ్మా" అని ఎంత నెమ్మదిగా చెబుతుందో! అవతల కారాలూ మిరియాలూ నూరుతున్న మనిషి కూడా ఆ గొంతు వినేసరికి మెత్తబడాల్సిందే. ఆఫీసు ఎక్కడో దూరపు ఊళ్లో ఉంది. ఇంటినుంచి చేసుకోమని ప్రస్తుతానికి ఒప్పుకున్నారు. ప్రస్తుతానికి! ఆ ముక్కే నా గుండెల్లో కలుక్కుమంటూ ఉంటుంది. రేపు ఆఫీసుకే రమ్మన్నారనుకోండి, పాలు తాగే పిల్లను వదిలి వెళ్లాలి. వదల్లేకపోతే ఉద్యోగాన్ని వదలాలి. పోనీ పిల్లతో సహా వెళ్దామంటే అక్కడ చూసుకునే దిక్కెవరు? మా హాల్లోంచి ఆ ఉయ్యాల లేచిపోతే మా ఆవిడ సంగతి అటుంచండి, నేనేమైపోవాలి?

ఆ తేల్చుడు ఇవాళే. పెద్దాఫీసరు మధ్యాహ్నం భోజనాలయ్యాక కెమెరాలో కూర్చుని, ఇంటినుంచా ఆఫీసుకా, ఏదో ఒకటి చెప్పేస్తాడట. అందుకే వేళ్లు వేడి చేసుకుంటున్నాను. పొద్దున్నే అమ్మాయీ మా ఆవిడా ఇద్దరూ కలిసి, "వెళ్లి తీరిగ్గా టీ తాగిరండి, ఎంతసేపైనా ఫర్లేదు" అన్నారు. పెళ్లయ్యాక మా ఆవిడ నోట ఆ మాట వినడం ఇదే మొదలు. నా మీద అంత భారం ఉందని వాళ్లకీ తెలుసు మరి.

"వేళ్లకీ ఆఫీసరుకీ ఏంటి సంబంధం అన్నయ్యా?" అంది టీకొట్టు చెల్లెమ్మ.

అలా అడుగు! దారిలోకి వచ్చావు.

ఇంటినుంచి పని అంటే మంచం మీద కూర్చుని ఫోన్లో మాట్లాడ్డం అనుకున్నాను నేను. కాదు. ల్యాప్‌టాప్ కావాలి. చెవులకు హెడ్‌ఫోను కావాలి, దానికి నోటి దగ్గరకు వంగిన ఓ చిన్న కొమ్ము ఉంటుంది, అది మైకు. లైట్లు మిణుకు మిణుకుమనే పెట్టె కావాలి. కరెంటు పోతే ఆదుకోవడానికి బ్యాటరీ కావాలి. ఇంత సరంజామాలో నాకు అన్నిటికంటే వింతగా అనిపించింది మ్యూట్ అని ఒక మీట. అది నొక్కితే మనిషి నోరు ఆడుతుంది గానీ మాట బయటికి రాదు. మా ఆవిడ దాన్ని చూసి ఎంత ముచ్చటపడిందో! "ఇది మనుషులకు పెట్టేది దొరుకుతుందా అమ్మా?" అని అడిగింది. ఎవరికోసమో నేను అడగలేదు.

టైలరు నన్ను కిందినుంచి పైదాకా చూశాడు.

చూడకు బావా, నాకెందుకు మైకులూ మీటలూ! కూరగాయల మార్కెట్లో వేలంపాట పాడినవాణ్ణి నేను. ఉల్లిపాయల షెడ్డులో నేను పాట ఎత్తుకుంటే టమాటాల షెడ్డులో ధర పెరిగేది. రిటైరయినా గొంతు రిటైరవలేదు. అమ్మాయి వచ్చిన కొత్తలో ఓసారి మీటింగులో ఉండగా, స్నానాల గదిలోంచి "నా తువ్వాలు ఎక్కడే?" అని మామూలుగా అడిగాను. ఎక్కడో దూరపు ఊళ్లో ఒక ఆఫీసరు గబుక్కున లేచి తువ్వాలు వెతుక్కున్నాడట. అదీ గొంతంటే!

అయితే పాపం అమ్మాయికి చిక్కొచ్చిపడింది. మాట మధ్యలో తెగుతోంది, వెనకనుంచి గోల వినిపిస్తోంది, ఇలాగైతే కుదరదు, ఆఫీసుకు వచ్చేయండి అని పైనుంచి హెచ్చరిక. వెనకనుంచి గోల అంటే ఏమిటి? వైరు లోపమే కదా! ఇంకేముంటుంది మా ఇంట్లో?

"ఇంకేముంటుందిలే," అంది చెల్లెమ్మ.

నేను ఊరుకుంటానా? ఓ రోజు బొమ్మ ఆగిపోయింది. ఆఫీసరు నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఉండిపోయాడు, పళ్లు లెక్కపెట్టుకోవచ్చు. అమ్మాయి ముఖం పాలిపోయింది. నేను మెల్లగా వెళ్లి, పెట్టెలోంచి వచ్చే వైరుని బొటనవేలూ చూపుడువేలూ మధ్య పట్టుకుని, ఇలా, పిల్లకి జలుబు చేస్తే ముక్కు పట్టుకుంటామే, అలా ఓ నొక్కు నొక్కాను. బొమ్మ కదిలింది! ఆఫీసరు నోరు మూసుకున్నాడు!

"అది దానంతటదే వచ్చి ఉంటుంది బాబాయ్," అన్నాడు నెట్టాయన.

అసూయ పడకు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? అమ్మాయి నా వైపు చూసింది, మా ఆవిడ వైపు చూసింది. ఇద్దరూ వంటింట్లోకి వెళ్లి గుసగుసలాడుకున్నారు. నా ప్రజ్ఞ చూసి పైకి మాట్లాడ్డానికి నోరు రాలేదనుకుంటాను. మర్నాడు అమ్మాయి ఇంత పొడుగు వైరు తెచ్చి నా చేతిలో పెట్టింది. "మావయ్యా, నీ చేతిలో ఏదో ఉంది. అసలు వైరు ఇదీ. కాల్ నడుస్తున్నంతసేపూ నువ్వు దీన్ని పట్టుకోవాలి. ముందుగదిలో కాదు, వెనకగదిలో తలుపు వేసుకుని కూర్చోవాలి. ఒక్కటే షరతు. నోరు విప్పకూడదు. గొంతు అదిరితే వైరు అదురుతుంది, వైరు అదిరితే కాల్ తెగుతుంది" అంది.

"తెల్ల వైరా బాబాయ్?" అన్నాడు నెట్టాయన.

తెల్లదే. నీకెలా తెలుసు?

"ఊరికే అడిగాను." అతనికి టీ పొరబోయింది. చెల్లెమ్మ వీపు తట్టింది.

మొదటిరోజు ఏమీ తెలియలేదు. రెండోరోజుకి వేళ్లలో చీమలు పాకినట్టు అనిపించింది. చీమలు కావవి, మాటలు! మా అమ్మాయి మాట చూపుడువేల్లో తియ్యగా పోతుంది. ఆఫీసరు మాట బొటనవేల్లో బరువుగా వస్తుంది. మిషన్ పాడైనవాళ్ల మాటలు చురుక్కుమంటాయి. కొన్నాళ్లకి ఎవరు ఏం మాట్లాడుతున్నారో వేలితోనే వినేసేవాణ్ణి. ఓ పెద్దావిడ మిషన్ ఆగిపోయిందని తిడుతుంటే, లోపల సాక్సు ఇరుక్కుందని నాకు గోరుకి తగిలింది. వేలు అటూ ఇటూ ఆడించి ఇక్కణ్ణుంచే బయటికి లాగేశాను. వాళ్లింట్లో మిషన్ గిర్రున తిరిగింది.

"ఆ సాక్సు ఏ రంగు?" అన్నాడు టైలరు.

గళ్ల సాక్సు. ఒకటే. రెండోది ఇంకా దొరకలేదట, అది నా పరిధిలోది కాదు.

అక్కడితో ఆగిందా? మన వీధిలో ఇంటినుంచి పనిచేసేవాళ్లు ఒకరా ఇద్దరా? మేడ మీద లాయరుగారు, చివరింట్లో పాటలు నేర్పే టీచరమ్మ, మందుల షాపు పక్కన లెక్కలు రాసే ఆయన. అందరి మాటలూ వచ్చి నా వేళ్ల దగ్గర తోసుకోవడం మొదలుపెట్టాయి. సంతలో జనంలాగా! నేనేం చేశాను? వరసలో నిలబెట్టాను. ఈ వేలు కాస్త ఎత్తితే లాయరు పోతాడు, అది దించి ఇది ఎత్తితే టీచరమ్మ పోతుంది. ఒక్కసారి మాత్రం గోక్కోబోయి ఇద్దర్నీ ఒకేసారి వదిలేశాను. లాయరుగారు జడ్జి ముందు నోరు తెరిస్తే పాట వచ్చింది. జడ్జిగారు కళ్లు మూసుకుని తాళం వేసి, వాది ప్రతివాదుల్ని అక్కడికక్కడే రాజీ చేసి పంపించేశారు. పాట నేర్చుకునే పిల్లలకేమో తలా ఒక వాయిదా పడింది.

"ఇదంతా నోరు విప్పకుండానే?" అన్నాడు టైలరు.

పెదవి కదిపితే ఒట్టు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? చెల్లెమ్మా, నా భుజం మీంచి అటే చూస్తావేం, ఇటు విను. సముద్రం అడుగున ఇంత లావు తాళ్లు ఉంటాయట, దేశాల మధ్య మాటలన్నీ వాటిలోంచే పోతాయట, అల్లుడు చెప్పాడు. ఓరోజు వైరు పట్టుకుని కూర్చున్నానా, చిటికెనవేలి మీద చటుక్కున ఎవరో కొరికినట్టయింది. చూస్తే వేలి మీద ఏమీ లేదు. అప్పుడు బుర్రలో వెలిగింది. సముద్రంలో ఏదో చేప తాడు కొరుకుతోంది! చిన్నాచితకా చేప కాదు, ఆ పన్ను ఒక్కటే మన టీకొట్టంత ఉంటుంది. వదిలేస్తే అటు దేశాలకీ ఇటు దేశాలకీ మాటల్లేవు. అరవడానికి లేదు. వైరుని మెల్లగా దగ్గరికి లాక్కుని, మునివేలితో చక్కిలిగింత పెట్టాను. చేప నవ్వింది. నవ్వాలంటే నోరు తెరవాలి కదా? తాడు ఊడింది. ఆ నవ్వుకి లేచిన అలకే మా అల్లుడి ఓడ ఒకరోజు ముందు రేవుకి చేరింది. నమ్మకపోతే వాణ్ణి అడగండి.

"ఓడ మీద ఉన్నవాణ్ణి ఎలా అడుగుతాం?" అంది చెల్లెమ్మ, కళ్లు ఇంకా అటే పెట్టి.

అందుకే అడగమంటున్నాను. ఇంకా వినండి. సముద్రం అయ్యాక ఆకాశం మిగిలింది. ఓ శాటిలైటు కునుకు తీసి దారి తప్పింది. వైరు వదులైంది, నాకు తెలిసిపోయింది. గాలిపటాన్ని దింపినట్టు, కాస్త వదిలీ కాస్త లాగీ, వదిలీ లాగీ, తెచ్చి దాని చోట దాన్ని నిలబెట్టాను. ఆ వేగానికి దాని మీద పేరుకున్న దుమ్మంతా రాలి పడింది, మొన్న నీ కుట్టుమిషన్ మీద దుమ్ము పడిందని గొణిగావే బావా, అదే ఇది. సరిగ్గా అప్పుడు, శాటిలైటు ఇంకా ఊగుతూ ఉండగానే, నాకు తుమ్ము వచ్చింది!

"అయ్యో," అన్నాడు నెట్టాయన.

అదీ, నీకు తెలుసు కష్టం. ప్రపంచంలో ఇంటినుంచి పనిచేసేవాళ్లందరి మాటలూ నా రెండు వేళ్ల మధ్య ఉన్నాయి. డాక్టర్లు రోగులతో మాట్లాడుతున్నారు, మాస్టార్లు పాఠాలు చెబుతున్నారు, ఓ అబ్బాయి ఎక్కడో ఉద్యోగానికి ఇంటర్వ్యూ ఇస్తున్నాడు, ఓ అమ్మాయి పెళ్లికి సరే అనబోతోంది, 'స' దాకా వచ్చింది. నేను తుమ్మితే 'రే' ఉండదు. తుమ్ముని ముక్కులోంచి గొంతులోకి, గొంతులోంచి కడుపులోకి, కడుపులోంచి కాళ్లలోకి దింపాను. కాలి బొటనవేల్లో దాచుకున్నాను. కాల్ అయ్యాక ఊరవతలికి నడిచి వెళ్లి అక్కడ తుమ్మాను. అక్కడున్న చెట్లన్నీ ఇప్పటికీ ఒకేవైపు వంగి ఉంటాయి.

నేను గ్లాసు ఎత్తి రెండు గుక్కలు తాగాను. టైలరు మెడలో వేలాడే టేపు సర్దుకుని, గట్టిగా ఊపిరి తీశాడు.

"బావా, చేప నవ్విందన్నావు, సరే. శాటిలైటుని లాగానన్నావు, అదీ సరే. తుమ్ముని కాలి బొటనవేల్లో దాచానన్నావు, పోనీ అనుకుందాం. కానీ నువ్వు కాల్ అయ్యేదాకా నోరు మూసుకుని కూర్చున్నానంటే మాత్రం నేను చచ్చినా నమ్మను. కోతలకైనా ఓ హద్దుండాలి."

నాకు నిజంగానే మనసు చివుక్కుమంది. మిగతావన్నీ నమ్మి ఇదొక్కటీ నమ్మరా! బావా, ఆ పిల్ల కోసం మూసుకున్నాను. ఉయ్యాల ఇక్కడే ఉండాలని మూసుకున్నాను. నా వేళ్లు విడిచానంటే కాల్ టప్పున తెగిపోతుంది, తెగితే ఉద్యోగం పోతుంది. ఆ భయానికి మూసుకున్నాను.

"అన్నయ్యా," అంది చెల్లెమ్మ. గ్లాసులు కడగడం ఎప్పుడు ఆపిందో, చేతులు తుడుచుకుంటోంది. "నువ్వు పట్టుకోకపోతే తెగిపోతుందన్నావు కదా?"

కళ్లు మూసి తెరిచేలోగా తెగిపోతుంది.

"మరి ఇప్పుడెవరు పట్టుకున్నారు?"

ఇప్పుడెవరు పట్టుకుంటారు? ఇప్పుడు పనేముంది? మీటింగు మధ్యాహ్నం కదా?

"అయితే కిటికీ దగ్గర మీ అమ్మాయి, చెవులకు అది తగిలించుకుని, ఎవరితో మాట్లాడుతోంది? నువ్వు చేప దగ్గర ఉన్నప్పట్నుంచీ చూస్తున్నాను. ఒక్క క్షణం ఆగలేదు. ఇందాక ఒకసారి నవ్వింది కూడా."

వెనక్కి తిరిగాను. అమ్మాయి నిటారుగా కూర్చుని ఉంది, తల నున్నగా దువ్వుకుంది. పెదవులు కదులుతున్నాయి. చేతులు కూడా కదుపుతూ ఏదో నచ్చజెబుతోంది.

"అది నేను కుట్టిన నీలం కోటే బావా," అన్నాడు టైలరు మెల్లగా. "పెద్దాఫీసరు మీటింగుకే వేసుకుంటానంది."

గ్లాసు చేతిలోంచి జారి టీ బల్ల మీద పారింది. వైరు! వైరు ఎవరూ పట్టుకోలేదు! అంటూ రోడ్డు మీదికి ఉరకబోయాను. నెట్టాయన భుజం పట్టుకుని ఆపేశాడు.

"ఆగు బాబాయ్. ఆ వైరు దేనికీ తగిలించి లేదు. మీ ఇంటి పాత కాలింగ్ బెల్లు తీసేసినప్పుడు నేను కోసి పక్కన పడేసిన ముక్క అది. అమ్మాయిగారే అడిగి తీసుకున్నారు. ఎందుకమ్మా అంటే, 'మా మావయ్యకి మ్యూట్ మీట కావాలి అన్నా, ఆయన మనసు కష్టపడకుండా ఉండేది' అన్నారు."

నేను బల్ల మీద కూలబడ్డాను. ఎవరైనా నవ్వుతారేమో అని చూశాను. నవ్వలేదు, ముగ్గురూ మూడు వైపులు చూస్తున్నారు. చెల్లెమ్మ ఇంకో గ్లాసు టీ నింపి నా చేతిలో పెట్టింది. వేళ్లు వెచ్చబడ్డాయి. బొటనవేలూ చూపుడువేలూ వాటంతటవే దగ్గరికి వచ్చి, మధ్యలో ఏమీ లేకపోయినా, పట్టుకునే ఉన్నాయి.

"అయితే ఈయన నోరు మూసుకుని కూర్చున్నది నిజమేనా?" అని టైలరు నెట్టాయన చెవిలో అడిగాడు.

"మిగతావి నాకు తెలీదన్నా. అదొక్కటీ నిజమేనట."

అప్పుడు కిటికీ తలుపు తెరుచుకుంది. అమ్మాయి హెడ్‌ఫోను మెడలోకి జార్చుకుని, సగం బయటికి వంగి, గొంతు తగ్గించి పిలిచింది. "మావయ్యా! ఇంటినుంచే చేసుకోమన్నారు! పర్మనెంటుగా!"

నా కడుపులోంచి ఒక కేక లేచింది. ఉల్లిపాయల షెడ్డులో కూడా నేనెప్పుడూ అంత పెద్ద కేక వేసి ఉండను. అది ఛాతీ దాకా వచ్చింది, గొంతు దాకా వచ్చింది. అమ్మాయి వెనకాల మా ఆవిడ కనిపించింది. కాలితో ఉయ్యాల ఊపుతోంది, చంటిది అప్పుడే కళ్లు మూసినట్టుంది, మా ఆవిడ నోటి మీద వేలు. నేను రెండు వేళ్లూ గట్టిగా నొక్కి పట్టాను. కేకని మింగేశాను. కళ్లలో నీళ్లు తిరిగాయి గానీ, పెదవి కదల్లేదు. చేతులు రెండూ పైకెత్తి ఊపాను, అంతే.

టైలరు నా ముఖంలోకి చూస్తూ ఉండిపోయాడు. "నమ్మాను బావా," అన్నాడు.

"మావయ్యా, ఇప్పుడింకో కాల్ ఉంది," అంది అమ్మాయి. "వచ్చి వైరు పట్టుకుంటావా?"

గ్లాసు బల్ల మీద పెట్టి లేచాను. చొక్కా సర్దుకున్నాను.

"ఎక్కడికి బాబాయ్?" అన్నాడు నెట్టాయన. "ఇప్పుడే కదా చెప్పాను, అందులో లైను లేదని."

కిటికీ తెరిచి ఉంది కాబట్టి దగ్గరికి వెళ్లి, అతని చెవిలో, గుసగుసగా చెప్పాను. లైనున్న వైరు ఎవడైనా పట్టుకుంటాడోయ్. లైను లేని వైరు పట్టుకుని చేప చేత నోరు తెరిపించినవాడు మీ కంపెనీలో ఎవడైనా ఉంటే చెప్పు, అని రోడ్డు దాటాను.